కొంగలంక గుడ్లబండి

గోదారి పాయల మధ్య కొంగలంక అని ఒక లంక. అక్కడ మనుషులు కూరగాయలు పండిస్తారు, జంతువులు వాళ్ళ కళ్ళుగప్పి అవి తింటాయి. ఏడాది పొడుగునా ఇద్దరికీ పేచీలే. వరద వచ్చి నీళ్ళు ఎర్రబడ్డాయంటే మాత్రం పేచీలన్నీ పక్కనపెట్టి ఎవరి మూట వాళ్ళు సర్దుకుంటారు. ఆ ఏడూ నీళ్ళు ఎర్రబడ్డాయి. మనుషులు పొద్దున్నే పడవలెక్కేశారు. పశువుల పలుపులు విప్పేసి, ఒక ఒంటెద్దు బండిని రేగిచెట్టు పక్కన వదిలేసి మరీ పోయారు. ఇక మిగిలింది జంతువులు. ఒక్కరి కాలూ ఒకచోట నిలవడం లేదు.

లంకలోంచి అవతలి ఏటిగట్టుకి ఒకటే దారి. ముందు ఇసకబాట. తరవాత చిన్నపాయ మీద రాళ్ళబాట. అది దాటాక తాటిచెట్ల దగ్గర ఎడమకి తిరిగితే గట్టు మీదకి ఎక్కే ఏటవాలు. రాళ్ళబాట మునిగిందా, ఇక అంతే సంగతులు. మధ్యాహ్నమయ్యేసరికి నీళ్ళు ఆ రాళ్ళ అంచులు నాకుతున్నాయి.

కుందేళ్ళు పోయాయి, ముంగిసలు పోయాయి, మేకలు అరుచుకుంటూ పోయాయి. నూకాలు మాత్రం పోలేదు. నూకాలు బాతు. ఈత వచ్చు కదా, ఆవిడకి వరదంటే భయమేమిటి అంటారేమో. ఆవిడకి భయం లేదు. గుడ్డుకి ఈత రాదు కదండీ, అదీ భయం. చేటనిండా గుడ్లు, రేపో మాపో పిల్లలు బయటపడే గుడ్లు. చెవి ఆనిస్తే లోపల చిన్న చప్పుడు వినిపిస్తోంది. పోయినేడు వరద ఆవిడకి ఒక్క గుడ్డు కూడా మిగల్చలేదు. అందుకని ఆవిడ చేట చుట్టూ తిరుగుతోంది, నీళ్ళ దాకా పరిగెడుతోంది, మళ్ళీ చేట దగ్గరికొస్తోంది.

"పోలయ్యన్నా! ఓ పోలయ్యన్నా! కాస్త బండి కట్టు నాయనా, నీకు పుణ్యముంటుంది!"

పోలయ్య ఎద్దు. బలానికి కొదవలేదు, మంచితనానికి అసలే కొదవలేదు. ఎవరేం చెప్పినా చేసేస్తాడు, అదే అతనితో వచ్చిన చిక్కు. మాట వినబడీ వినబడగానే వెళ్ళి కాడి కింద మెడ తనే దూర్చుకున్నాడు.

"గడ్డి మెత్తగా పరిచెయ్యి నూకాలూ. నేను నిదానంగా లాగుతాను."

అప్పుడు దిగాడండీ బంగారయ్య. నక్క. ఆ పేరు పెట్టినవాళ్ళకి చూపు సరిగా ఆనేది కాదనుకుంటా. వీపున ఒక గంప తగిలించుకుని, లంకంతా తన బాధ్యతే అన్నట్టు హడావిడిగా వచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"అయ్యో అయ్యో, వదినా! ఇదేం సర్దడం? ఇంత గడ్డెందుకు? బరువు కాదూ? ఇసకలో చక్రం దిగబడితే ఎవరు తీస్తారు, నువ్వా నేనా? ఇటు పారెయ్!" అని గడ్డంతా లాగి తన గంపలో కుక్కుకున్నాడు. "చేట మూతి అటెందుకు పెట్టావ్? వెనక్కి తిప్పు. గాలి ఆడకపోతే గుడ్లు ఉడికిపోవూ?"

నూకాలుకి చేతులూ కాళ్ళూ ఆడటం లేదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్తే చాలనిపించే వేళ అది. చేట మూతి వెనక్కి తిప్పింది. ఆ బండికి మూడు పక్కలా జానెడు ఎత్తు చెక్కలున్నాయి, వెనక మాత్రం ఖాళీ.

"అసలు సంగతి విను వదినా," అన్నాడు బంగారయ్య గొంతు తగ్గించి. "గుడ్డుకి శత్రువు వేగం. ఈ పోలయ్య బావేమో అమాయకుడు, నీళ్ళు చూసి బెదిరి పరుగు లంకించుకుంటాడు. నేను వెనకాలే నడుస్తా. జోరెక్కినప్పుడల్లా 'ఆగు' అంటా. మరీ ఆలస్యమైతే 'పద' అంటా. నువ్వు నిశ్చింతగా కూర్చో."

"నీకెందుకు బాబూ ఇంత శ్రమ?"

"వరదలో కూడా సాయం చెయ్యకపోతే ఇంకెప్పుడు చేస్తాం వదినా?"

అంతలో దాసు అడ్డొచ్చాడు. దాసు లంక కాపలాకుక్క. అందరూ వెళ్ళారో లేదో చూసుకుని ఏటా ఆఖర్న కదిలేది అతనే.

"ఒరే, వెనకాల నడిచేది నేను కదా?"

"నువ్వే దాసూ, నువ్వే! నా వెనకాల నువ్వు. ఆఖరివాడివి నువ్వే అవుతావు. నీ హోదాకేం లోటు రానివ్వను."

దాసు మూతి ముడుచుకుని పక్కకి తప్పుకున్నాడు. బండి వెనక నడిచేవాడికి దక్కేదేమిటో అతనికి తెలుసు. కొంగలంకలో ఒక కట్టుబాటుంది. ఎప్పుడో ఒక మేక, జారిపోయిన మేతమూట కోసం వెనక్కి వెళ్ళిందట. మేక కోసం దాని చెల్లెలు, చెల్లెలి కోసం పిల్లలు వెళ్ళారట. ఒక్కరూ తిరిగి రాలేదు. అప్పట్నుంచీ వరదదారిలో ఎవరూ వెనక్కి తిరగకూడదు, బండిలోంచి జారింది ఏదైనా సరే బండికి సరిగ్గా వెనకున్నవాడికి చెందుతుంది. నూకాలుకీ తెలుసు ఆ కట్టుబాటు. ఆ గాభరాలో గుర్తురాలేదు, అంతే.

బండి కదిలింది. నూకాలు చేటలో కూర్చుని రెక్కలు చాపింది. ఎంత చాపినా మూతి దగ్గరున్న గుడ్లకి అందలేదు. పోలయ్య అడుగు మీద అడుగేస్తూ ఇసకబాట ఎక్కాడు. చక్రాలు కాస్త జోరందుకున్నాయి.

"ఆగు!" అని కేకేశాడు బంగారయ్య.

పోలయ్యకి మాట దాటడం తెలీదు. నాలుగు గిట్టలూ ఇసకలో గుచ్చి ఉన్నపళంగా ఆగిపోయాడు. బండి ఆగింది. గుడ్లు ఆగలేదు. ముందుకి దొర్లి చేట గోడకి కొట్టుకున్నాయి. నూకాలు కూడా ముక్కు తగిలేలా ముందుకి తూలింది.

"అమ్మో! ఏమైంది?"

"వేగం వదినా, వేగం! చూశావా, నేను ఆపకపోయుంటే ఏమయ్యేదో! ఒరే బావా, మొద్దులా నిలబడ్డావేంట్రా, నీళ్ళు వచ్చేస్తున్నాయ్, పద పద పద!"

పోలయ్య ఒక్క ఉదుటున ముందుకి దూకాడు. బండి ముందుకి పోయింది, చేట బండితో పాటు పోయింది. గుడ్లు మాత్రం ఉన్నచోటే ఉందామనుకున్నాయి. కిందనున్న చేట ముందుకి జారుకుంటే అవి ఏం చేస్తాయి? మూతి దగ్గరున్న రెండు గుడ్లు దొర్లి ఇసకలో పడ్డాయి. మెత్తటి ఇసక, చిట్లలేదు.

"నా గుడ్లు! అన్నా, ఆపు!"

"వెనక్కి తిరగకూడదు వదినా!" బంగారయ్య అప్పటికే వంగి ఏరుకుంటున్నాడు. "కట్టుబాటు. నాకూ బాధగానే ఉంది. నీ కళ్ళముందు ఇలా జరగడం నేను చూడలేకపోతున్నా." ఒకటి గంపలో పెట్టుకున్నాడు. రెండోది నోట్లో వేసుకున్నాడు. కరకరమన్న చప్పుడు నూకాలుకి బండి మీదకి వినిపించింది.

ఆవిడ అరిచింది. కడుపు కోసినట్టు అరిచింది. దాసు ముందుకి ఉరికి మళ్ళీ ఆగిపోయాడు. కట్టుబాటు కట్టుబాటే, అతను కాపలాకుక్క.

"అన్నా, జోరు తగ్గించు!" అని ఏడుస్తూ చెప్పింది నూకాలు. "నీకు దణ్ణం పెడతా, వేగం వద్దు!"

పోలయ్య జోరు తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. నత్త కూడా నవ్విపోయేంత నిదానం. అయినా బంగారయ్య ఊరుకున్నాడా? చక్రం రెండు చుట్లు తిరిగేసరికి "ఆగు!" అనేవాడు. పోలయ్య ఠక్కున ఆగేవాడు. "నీళ్ళు! పద!" అనేవాడు. పోలయ్య దభాలున దూకేవాడు. దూకినప్పుడల్లా ఒకటో రెండో గుడ్లు ఇసకలో పడేవి. పడినప్పుడల్లా "చూశావా వదినా, ఇంకా వేగమే! ఇంకా తగ్గించమను!" అనేవాడు. గంప నిండుతోంది. పైగా నూకాలు దగ్గర ఊడలాక్కున్న గడ్డి అందులో మెత్తగా పరిచి ఉంది, ఒక్క గుడ్డు చిట్లడం లేదు. నాకైతే ఆ నక్కని ఆ గంపతోనే బాదాలనిపిస్తుంది.

ఇంకోపక్క నీళ్ళు. ఇసకబాట మీదకి సన్నగా పాకుతున్నాయి. వెనక దాసు కాళ్ళు తడిశాయి.

"నూకాలమ్మా!" అని అరిచాడు దాసు. "ఈ నడకైతే రాళ్ళబాట దక్కదు!"

నూకాలు ముందుకి చూసింది, రాళ్ళ మీద నురగ. వెనక్కి చూసింది, బంగారయ్య పళ్ళు. జోరుగా పోతే గుడ్లు పడతాయి, నిదానంగా పోతే అందరూ మునుగుతారు. ఏం చెయ్యాలో తోచక చేటలో ఇటు తిరిగి అటు తిరిగి, మూతి అంచున ఊగుతున్న ఒక గుడ్డు మీద కళ్ళు నిలిపింది. ఇప్పుడో ఇంకాసేపట్లోనో అది పడుతుంది. ఆవిడ దాన్నే చూస్తోంది.

అప్పుడొక సంగతి జరిగింది. బంగారయ్యకి ఇందాక నమిలిన పెంకు గొంతులో అడ్డుపడింది. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది, అరవలేకపోతున్నాడు. అరుపు లేకపోయేసరికి పోలయ్య ఆగలేదు. నీళ్ళ చప్పుడు వింటూ అడుగు అడుగుకీ కొద్దికొద్దిగా, తనకే తెలీకుండా జోరందుకున్నాడు. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. నూకాలు కళ్ళు మూసుకుంది. మూతి అంచు గుడ్డు పోయినట్టే అనుకుంది.

కళ్ళు తెరిస్తే గుడ్డు అక్కడే ఉంది. కదల్లేదు. గాలి మాత్రం రెక్కలకి తగులుతోంది.

"ఇదేంటి?" అనుకుంది. "ఇందాక నత్తనడకలో పడ్డాయి. ఇప్పుడు ఇంత జోరులో ఒక్కటీ పడలేదేం?"

అంతలో బంగారయ్యకి గొంతు పెగిలింది. "ఆ... ఆగు!"

"ఆగకు!" అని అరిచింది నూకాలు. అంత గట్టిగా ఆవిడ జన్మలో అరవలేదు. "అన్నా, ఆగకు! జోరు పెంచకు, తగ్గించకు, ఇలాగే పో!"

పోలయ్యకి జీవితంలో మొదటిసారి రెండు మాటలు ఒకేసారి వినబడ్డాయి. ఏది వినాలో తెలీక, ఏం చేస్తున్నాడో అదే చేస్తూ పోయాడు. అదే మంచిదయింది.

"నీకు మతి పోయిందా వదినా?" వెనకనుంచి బంగారయ్య పరిగెడుతూ అరిచాడు. "అంత వేగంలో గుడ్లేం కావాలి?"

"ఏమీ కావు. చూడు, ఒక్కటైనా కదిలిందా?" ఆవిడ అంచు గుడ్డుని రెక్కతో చూపించింది. "బుర్రలేనిదాన్ని, ముందే తెలియాల్సింది నాకు. వరదనీటి మీద నేను కొట్టుకుపోయేటప్పుడు నది గుర్రంకన్నా జోరుగా పోతుంది. అయినా నేను దాని మీద కునుకు తీస్తాను. ఒడ్డు తగిలి ఠక్కున ఆగినప్పుడే మెలకువ వచ్చేది. వేగం ఏనాడూ నన్ను కుదపలేదు, మార్పు కుదిపింది. అది కూడా ఒక్కసారిగా వచ్చిన మార్పు!"

"అంటే?" అన్నాడు పోలయ్య రొప్పుతూ. ఎద్దయినా అడగడానికి సిగ్గుపడలేదు, చాలామంది మనుషులకి ఆ మాత్రం కూడా చేతకాదు.

"అంటే, ఇందాక నువ్వు ఉన్నపళంగా దూకి ఒక చిన్న జోరు అందుకున్నావు. గుడ్లు పడ్డాయి. ఇప్పుడు అంతకి మూడింతల జోరు. అయినా పడలేదు. ఎందుకంటే ఇంత జోరు నువ్వు ఒక్క గంతులో తెచ్చుకోలేదు. బాట పొడుగునా కొంచెం కొంచెంగా తెచ్చుకున్నావు. పెంచినా అలాగే పెంచు, తగ్గించినా అలాగే తగ్గించు. ఎంత మారావన్నదానికన్నా ఎంతసేపట్లో మారావన్నది ముఖ్యం అన్నా."

దీన్నే బళ్ళో పంతుళ్ళు త్వరణం అంటారట. నూకాలుకి ఆ పేరు తెలీదు. తెలియకపోయినా గుడ్లు ఆగాయి.

ఇక ఆ తరవాత చూడాలి పోలయ్యని! అడుగులో అడుగు కలిపి, జోరు మీద జోరు పేర్చుకుంటూ, కుదుపు లేకుండా రాళ్ళబాట ఎక్కాడు. నీళ్ళు చక్రాల అంచులు తడుపుతున్నాయి. చేటలో ఒక్క గుడ్డు దొర్లలేదు. బంగారయ్యకి ఒక్క గుడ్డు దొరకలేదు. దొరక్కపోవడం అలా ఉంచండి, బరువైన గంపతో ఎద్దు వెనకాల పరిగెత్తలేక నాలుక వేలాడేశాడు. వెనక పాయ నీళ్ళు పొంగుతున్నాయి. ఇంకా వెనక దాసు గుర్రుమంటున్నాడు.

"వదినా! ఓ వదినా! ఒక్కసారి... బండెక్కించుకో. మునిగిపోతానే!"

నూకాలు వెనక్కి చూసింది. ఆ మొహం చూస్తే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. మునిగిపోతే పోనీ అనుకుంది కూడా, అబద్ధమెందుకు. కానీ అతని వీపు మీద గంప ఉంది. గంపలో తన గుడ్లున్నాయి. ఇతను మునిగితే అవీ మునుగుతాయి.

"ఎక్కు. కానీ గడ్డి ఇటిచ్చెయ్యి."

"గడ్డా? గడ్డిదేముంది, తీసుకో!"

"గంప కూడా ఇలా పెట్టు. నా రెక్క కింద వెచ్చగా ఉంటాయి. గట్టెక్కాక నీది నువ్వు తీసుకుందువుగాని. జారింది నీదేగా, నేను కాదన్నానా?"

బంగారయ్య ఆలోచించాడు. ఎటు చూసినా తనకే లాభంలా కనిపించింది. పరిగెత్తి పరిగెత్తి కాళ్ళు కూడా పడిపోయాయి. గంప అందించి, వెనకనుంచి బండెక్కాడు. నది వైపున్న కుడి చెక్క మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అతను ఎక్కీ ఎక్కగానే బండి వెనకాల చోటు ఖాళీ అయింది. ఆ చోటులోకి దాసు వచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు, నూకాలు తప్ప.

కూర్చోగానే బంగారయ్యకి అనుమానం పట్టుకుంది. తను చేసిన పని తనకి తెలుసు కదా, అదే పని తనకెవరైనా చేస్తారేమోనని భయం.

"ఒరే పోలయ్య బావా! ఒట్టేసి చెప్పు. నేనున్నంతసేపూ ఉన్నపళంగా ఆగకూడదు. ఉన్నపళంగా దూకకూడదు. జోరు ఎంతుందో అంతే ఉండాలి."

పోలయ్య నూకాలు వైపు చూశాడు. నూకాలు తల ఊపింది.

"ఒట్టు," అన్నాడు పోలయ్య. "జోరు పెంచను, తగ్గించను. గట్టు మీదకెక్కేదాకా ఇంతే."

"హమ్మయ్య!" బంగారయ్య వెనక్కి వాలాడు. బండి దూసుకుపోతోంది, అయినా ఎక్కడా కుదుపు లేదు. "బాగుందే వదినా! ఇంత వేగంలో కూడా కదులుతున్నట్టే లేదు. చూశావా, చెక్క పట్టుకోవక్కర్లేదు!" రెండు ముందుకాళ్ళూ గాల్లోకి లేపి చూపించాడు.

 నూకాలు గడ్డి తీసి చేటలోనూ గంపలోనూ గుడ్ల మధ్య సందు లేకుండా కూరుతోంది. చేట మూతిని గంపకి ఆనించింది. రెండింటినీ కుడి చెక్కకి గట్టిగా చేర్చింది. ఆ మీద తన బరువంతా వేసి కూర్చుంది. తరవాత మెడ ముందుకి చాపి పోలయ్య చెవి దగ్గర చెప్పింది.

"అన్నా, ముందు తాటిచెట్ల మలుపు. జోరు మార్చకు. మలుపు మాత్రం మెల్లగా తీసుకోకు, చటుక్కున తిరుగు."

"గుడ్లో?"

"అవి బండిని అంటుకుని ఉన్నాయి, బండితో పాటే తిరుగుతాయి. అంటుకోనిది ఒకటే ఉంది."

పోలయ్య మెల్లగా తల తిప్పి, కాలు మీద కాలేసుకున్న బంగారయ్యని చూశాడు. అతని మనసు మంచిదే గానీ, ఇందాక ఆ కరకర చప్పుడు అతనూ విన్నాడు.

తాటిచెట్లు వచ్చాయి. పోలయ్య జోరు ఒక్క వీసం పెంచలేదు, ఒక్క వీసం తగ్గించలేదు. ఎడమకి చటుక్కున తిరిగాడు. కుడి చక్రం మీద భారమంతా పడి, ఎడమ చక్రం నేల వదిలి లేచి మళ్ళీ దిగింది. బండి తిరిగింది. గడ్డిలో కూరుకున్న గుడ్లు తిరిగాయి. నూకాలు తిరిగింది. బంగారయ్య మాత్రం ఇందాక ఎటు పోతున్నాడో అటే పోయాడు, నేరుగా, గాల్లో, కాలు మీద కాలేసుకునే.

బురదలో దభీమని పడ్డాడు.

"ఒట్టు తప్పావురా!" బురద ఉమ్ముతూ అరిచాడు. "ద్రోహీ! ఆపను, దూకను అన్నావ్!"

పోలయ్య అప్పుడు కాస్త కాస్తగా జోరు తగ్గించి, ఏటవాలు మీద బండి నిలిపాడు. "ఆపలేదు. దూకలేదు. జోరు అంతే ఉంది. కావాలంటే దాసునడుగు."

"మరి నేనెలా పడ్డాను?"

"ఎంత జోరన్నదొకటే చూశావు బంగారయ్యా," అంది నూకాలు బండి మీదనుంచి. "ఎటు అన్నది చూడలేదు. వేగమంటే రెండూనూ. జోరు మారకపోయినా దిక్కు మారితే మారినట్టే. నువ్వు ఆగడం, దూకడం రెండిటికే కాపలా పెట్టుకున్నావు."

బంగారయ్య లేవబోయాడు. లేవలేదు. మెడ మీద ఒక కాలు పడింది. దాసు కాలు.

"ఏంట్రా ఇది? వదులు!"

"బండిలోంచి జారింది," అన్నాడు దాసు తాపీగా. "సరిగ్గా వెనకున్నది నేను. నాకు ఏటా పాతచెప్పులూ చిరిగిన గోనెసంచులే దొరికేవి. ఈ ఏడు సరుకు బాగుంది."

"కట్టుబాటు సామాన్లకిరా! నేను సామానా?"

"నా గుడ్లు సామాన్లా?" అంది నూకాలు.

 బంగారయ్య ఇక వేషం మార్చాడు. కళ్ళలో నీళ్ళు తెచ్చుకున్నాడు. "వదినా, నువ్వైనా చెప్పు. తల్లివి కదా, నీ మనసు కరగదా?"

"కరుగుతుంది," అంది నూకాలు. "చేటలో మూతి దగ్గర ఖాళీ చూస్తే కరుగుతోంది. నువ్వు నమిలిన చప్పుడు నా చెవిలోంచి ఇంకా పోలేదు. నిన్ను క్షమించమని నన్నడక్కు, నాకు చేతకాదు." అని మొహం తిప్పుకుని ఏడ్చింది. పోలయ్య ఏం చెయ్యాలో తెలీక కాడి కిందనుంచే మెడ తిప్పి ఆవిడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఏం చేస్తావు నన్ను?" అన్నాడు బంగారయ్య దాసుతో. గొంతు ఇప్పుడు నిజంగానే పీలగా ఉంది.

"తినను. నక్కమాంసం నాకు పడదు. నువ్వు నా సరుకువి కాబట్టి నీళ్ళు తీసేదాకా నాకు పని చెయ్యి. ఈ గట్టు మీద బాతుపిల్లలకి కాపలా నువ్వు. నీకు కాపలా నేను."

గంపలో గుడ్ల మాట ఇక ఎవరూ ఎత్తలేదు. ఆ గంప సొంతదారే దాసు సరుకైపోయాక, ఆ గంప దాసుదే కదా. దాసు దాన్ని మూతితో నూకాలు వైపు తోశాడు.

వెనక రాళ్ళబాట మునిగిపోయింది. కొంగలంక మీద ఎర్రనీళ్ళు ఎగిరి పడుతూ, ఒక్క క్షణం నిలవకుండా పోతూనే ఉన్నాయి. గట్టు మీద గుడ్లు చిట్లాయి. పసుప్పచ్చటి పిల్లలు బయటికొచ్చి తడబడుతూ నడక నేర్చాయి. రోజూ వరసకట్టి, ముద్దుగా బలిసి, బంగారయ్య ముక్కు ముందునుంచే నీళ్ళకి పోయేవి, అదే దారిన తిరిగొచ్చేవి. అతను కదిలితే దాసు ఒక కన్ను తెరిచేవాడు. అతను మూతి మూసుకునేవాడు. పిల్లల్లో బాగా అల్లరిది ఒకటి అతని తోక మీదెక్కి కూర్చుని, "తాతా, బండి తోలు, మెల్లగా మొదలెట్టు!" అనేది.

ఎంత జోరుగా పోతున్నావన్నది నిన్ను పడెయ్యదు, ఆ జోరో ఆ దారో ఉన్నపళంగా మారినప్పుడు దేన్నీ పట్టుకోకపోతేనే పడతావు.